తాతగారూ, టీచర్ చెప్పినట్టు వినండి!

మూడో శతాబ్దం. గలిలయలోని తిబెరియ పట్టణం. రబ్బీ యెహోషువ బెన్ లేవి స్నానశాలకు వెళ్లాడు. ఆ కాలపు యూదు పండితుల్లో చాలా పెద్దపేరు ఆయనది. పక్కనున్న రబ్బీ హియ్యా భుజం ఆనుకుని నడుస్తున్నాడు. లోపలికి వెళ్లాక గుర్తొచ్చింది, ఇవాళ శుక్రవారం అని, మనవడి పాఠం ఇంకా వినలేదని. యూదుల ధర్మగ్రంథం తోరాలో ఆ వారానికి చదవాల్సిన భాగాన్ని మనవడు ప్రతి శుక్రవారం తాతకు అప్పజెప్పాలి, తాత వినాలి. అది వాళ్ల ఏర్పాటు. ఆయన వెంటనే వెనక్కి తిరిగాడు. "మొదలుపెట్టిన పని మధ్యలో ఆపక్కర్లేదని మీరే కదా మాకు నేర్పారు" అని హియ్యా గుర్తుచేశాడు. మనవడి నోట తోరా వినడమంటే దేవుడు దాన్ని ఇచ్చిన సీనాయి కొండ దగ్గర నిలబడి విన్నంత గొప్ప అని బదులిచ్చి ఆయన బయటికి నడిచాడు.

యూదు పండితుల బోధలను కూర్చిన జెరూసలేం తల్మూద్‌లో ఉంది ఈ కథ. అంత పండితుడు మనవడికి పాఠం చెప్పడానికి పరుగెత్తలేదు, వినడానికి పరుగెత్తాడు. అరవై దాటాక పిల్లల తరగతి గదిలో అడుగుపెట్టాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఈ కథే.

యూదు కిండర్‌గార్టెన్లలో శుక్రవారం పొద్దున సందడే వేరు. సూర్యాస్తమయంతో వాళ్ల విశ్రాంతి దినం, షబ్బాత్, మొదలవుతుంది కాబట్టి తరగతిలో ముందే చిన్నపాటి షబ్బాత్ జరుపుతారు. తెల్లని గుడ్డ పరిచిన బల్ల మీద రెండు కొవ్వొత్తులు, గుడ్డ కప్పిన హల్లా రొట్టెలు, ద్రాక్షరసం పోసిన గిన్నె ఉంటాయి. పక్కనే త్సెదాకా డబ్బా. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన చిల్లర అందులో వేస్తారు, అది లేనివాళ్లకు వెళ్తుంది. ఆ వారానికి ఒక పాప 'షబ్బాత్ అమ్మ', ఒక బాబు 'షబ్బాత్ నాన్న'. ఈ హడావుడిలో ఏప్రాన్ కట్టుకుని తిరిగే తెల్లజుట్టు మనిషి కనిపిస్తే ఆయన ఎవరో ఒకరి సబా, ఆవిడ ఎవరో ఒకరి సవ్తా. హీబ్రూలో పిల్లలు తాతను, అమ్మమ్మను, నానమ్మను పిలిచే పిలుపులవి. కొన్నాళ్లకు తరగతి మొత్తానికీ వాళ్లే సబా, సవ్తా అయిపోతారు.

ఈ పని పైకి తేలికగా కనిపిస్తుంది. కానీ రిటైరైనవాళ్లకు ఇందులో ఒక గట్టి పరీక్ష ఉంది. ముప్పై ఏళ్లు వందమంది మీద అజమాయిషీ చేసిన మనిషి, తన కూతురి వయసున్న టీచర్ కింద పనిచెయ్యాలి. ఆవిడ "సబా, క్రేయాన్లు చెక్కి పెడతారా?" అంటే పెట్టాలి. "ఇప్పుడు కథ వద్దు, పిల్లలు పాట పాడుతున్నారు" అంటే నోరు మూసుకోవాలి. పెద్దరికం ఇంట్లో పనికొస్తుంది, పెళ్లిపందిట్లో పనికొస్తుంది. ఇక్కడ చెప్పులతో పాటు బయట విడిచి రావాలి.

విశ్రాంత హెడ్మాస్టరు ఒకాయన ఇలా చేరారనుకుందాం. ఒక పిల్లాడు కోటు జిప్పుతో కుస్తీ పడుతున్నాడు. తాతగారి చెయ్యి ఊరుకోదు. వంగి, సర్రున లాగేసి, "అంతే నాన్నా!" అంటారు. సాయం చేశాననే ఆయన నమ్మకం. కానీ ఆ జిప్పు వాడు సొంతంగా వేసుకోవాలని టీచర్ రెండు వారాలుగా ఓపిగ్గా చూస్తోంది. ఐదేళ్ల పిల్లల తరగతిలో సాయం చాలావరకు చెయ్యని సాయమే. పిల్లాడు అవస్థపడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ వాడు మీ వైపు చూస్తే, మొదటి అంగుళం మాత్రం లాగి వదిలెయ్యండి.

హల్లా చేసే రోజుకు ఇదే సూత్రం. మైదా, గుడ్లు, నూనె, పంచదార, ఉప్పు, ఈస్ట్ కలిపిన పిండిని పొడుగ్గా తాళ్లలా చేసి, పాయలుగా అల్లి కాలుస్తారు. మనవరాళ్లకు మూడు పాయల జడ వేసిన మన అమ్మమ్మల చేతికి ఆ అల్లిక రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. చిక్కల్లా అక్కడే. పిల్లాడి రొట్టె వంకరపోతుంది, వాడి చేతుల్లో నలిగి నలిగి రంగు మారుతుంది, ఒక పాయ ఊడిపోతుంది. మీకు సరిచెయ్యాలనిపిస్తుంది. ముట్టుకోకండి. సాయంత్రం వాడి ఇంట్లో బల్ల మీద ఉండాల్సింది ఆ వంకర రొట్టే. మీరు దిద్దిన రొట్టె ఇంటికి వెళ్తే, వాళ్లమ్మ "నువ్వే చేశావా?" అని అడిగినప్పుడు వాడికి ఏం చెప్పాలో తోచదు.

వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. ఉత్సాహం కొద్దీ మొదటి వారం రోజూ వెళ్లి, నెల తిరక్కముందే మానేసేవాళ్ల కన్నా ఏడాది పొడవునా శుక్రవారం గంటసేపు వచ్చేవాళ్లే మేలు. ఐదేళ్ల పిల్లలు క్యాలెండర్ చూడరు, ఎవరొచ్చారో చూసి ఏ రోజో పోల్చుకుంటారు. సబా వచ్చాడంటే ఇవాళ హల్లా ఉంది, రేపు బడి లేదు. మీరు రాకపోతే వాళ్ల వారం చెదురుతుంది. తప్పనిసరై రాలేకపోతే ముందు వారమే పిల్లలతో చెప్పండి. టీచర్‌కి ఫోన్ చేస్తే చాలదు.

మీ సొంత మనవడు అదే తరగతిలో ఉంటే? ఇది కాస్త సున్నితమైన వ్యవహారం. కొందరు పిల్లలు తాత ఒళ్లో ఇంకొకర్ని కూర్చోనివ్వరు. కొందరు మీరున్నంతసేపూ ఇంట్లో వేసే వేషాలన్నీ వేస్తారు. ఇంకొందరు అసలు మీరెవరో తెలియనట్టు తిరుగుతారు, అప్పుడు మీ మనసు చివుక్కుమంటుంది. ఏదైనా సహజమే. "నన్ను వేరే బల్ల దగ్గర వెయ్యమ్మా" అని మొదటి రోజే టీచర్‌ని అడగండి. ఇంటి నుంచి బయల్దేరేముందు మనవడితో ఒక్క మాట అనండి: "అక్కడ నేను అందరికీ సబానే, ఇంటికొచ్చాక నీకొక్కడికే." ఇక చూడాల్సింది, ఏ మూలనో ఒంటరిగా బొమ్మలు సర్దుకుంటున్న పిల్లని. అమ్మమ్మో తాతో దగ్గర లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

వివియన్ గస్సిన్ పేలీ అనే టీచర్ ఉండేది. 1929లో షికాగోలో యూదు కుటుంబంలో పుట్టి, అక్కడి యూనివర్సిటీ ల్యాబొరేటరీ స్కూల్లో ఎన్నో ఏళ్లు కిండర్‌గార్టెన్ పిల్లలకు పాఠాలు చెప్పింది. 1989లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకుంది. తనతో ఆడుకోవద్దని ఒక పిల్లాడు ఇంకొకడితో అనకూడదనే నియమాన్ని తరగతిలో పెట్టి, దాని మీద పిల్లలతోనే వారాల తరబడి చర్చించి, 1992లో ఒక పుస్తకం రాసింది. మన తాతగార్లకు మాత్రం ఆవిడ దగ్గర దొరికే అసలైన పనిముట్టు వేరే ఉంది. పిల్లలు కథ చెబుతారు, పెద్దవాళ్లు రాసిపెడతారు, ఆ తర్వాత తరగతంతా కలిసి ఆ కథను నాటకంగా ఆడుతుంది.

టీచర్‌కి ఇరవైమంది కథలు విని రాసుకునే తీరిక ఉండదు. మీకుంది. ఒక నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చోండి. పిల్లాడు "సింహం వచ్చింది. మళ్లీ వచ్చింది. అమ్మ లేదు. కేకు తినేసింది" అంటాడు. ఉన్నదున్నట్టు రాయండి. కేకు తిన్నది సింహమా అమ్మా అని నిలదీయకండి. వ్యాకరణం దిద్దకండి. నీతి చేర్చకండి. మన తరం దీనికి అలవాటుపడింది, కథ వింటే చాలు "దీనివల్ల తెలిసేదేమిటంటే" అనేస్తాం. రాసింది వాడికి చదివి వినిపించి, "ఇంతేనా, ఇంకేమైనా ఉందా?" అని అడగండి. ఆ అడగడంలోనే కథ పెరుగుతుంది. కొన్ని వారాలకు మీ బల్ల దగ్గర వరస కడతారు, చూడండి. జీవితమంతా కథలు చెప్పిన మనిషికి ఇలా రాసుకునే ఉద్యోగం మొదట్లో చప్పగా ఉంటుంది. రుచి మరిగాక వదలబుద్ధి కాదు.

ఆ కూర్చోవడం కూడా ఒక విద్యే. బాబిలోనియా తల్మూద్‌లో ఇంకో గురువు ఉన్నాడు, రబ్బీ పెరిదా. ఆయన శిష్యుల్లో ఒకడికి ఏ పాఠమైనా నాలుగు వందలసార్లు చెబితేగానీ ఎక్కేది కాదు. చెప్పేవాడు. ఒకరోజు గురువుగారిని ఏదో పుణ్యకార్యానికి రమ్మని కబురొచ్చింది. పాఠం ముగించి వెళ్తానన్నాడు. ఆవేళ నాలుగు వందలసార్లు చెప్పినా శిష్యుడికి ఒక్క ముక్క ఎక్కలేదు. ఏమైందని అడిగితే వాడన్నాడట: కబురొచ్చిన దగ్గర్నుంచీ మీరు ఇప్పుడు లేస్తారేమో, ఇప్పుడు లేస్తారేమో అనే చూస్తున్నాను, మనసు పాఠం మీద లేదు. పెరిదా విసుక్కోకుండా మళ్లీ నాలుగు వందలసార్లు చెప్పాడు.

ఈ కథలో అందరూ గురువు ఓపికను మెచ్చుకుంటారు. నాకు శిష్యుడి మాట విలువైనదిగా తోస్తుంది. ఎదుటివాడు ఏ క్షణాన్నైనా లేచిపోతాడనిపిస్తే పిల్లల మనసు నిలవదు. ఈ కాలంలో ఆ అనుమానం పుట్టడానికి కబురు రానక్కర్లేదు, జేబులో ఫోన్ 'టింగ్' మంటే చాలు. మీరు దానివైపు చూడకపోయినా, చెయ్యి జేబు మీదకు వెళ్లడం ఆ పిల్ల చూస్తుంది. తరగతిలోకి వెళ్లేముందు ఫోన్ బయటే సంచీలో పెట్టండి. పార్కింగ్‌కి టైమైపోతోందని గడియారం చూడకండి. అదే బొమ్మల పుస్తకాన్ని మూడోసారి చదవమంటే మొదటిసారి చదివినట్టే చదవండి. మీ వయసువాళ్ల దగ్గర ఉండి, పిల్లల అమ్మానాన్నల దగ్గర లేనిది ఈ తొందర లేని అరగంటే.

మాట్లాడే విషయంలో పస్కా పండుగను పాఠంగా తీసుకోవచ్చు. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో పిల్లాడో లేచి, మిగతా రాత్రులకు లేని తేడా ఈ రాత్రికేమిటని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఐగుప్తు బానిసత్వం, విడుదల, పులియని రొట్టె, ఇవన్నీ ఆ ప్రశ్నలకు జవాబుగానే పెద్దలు చెబుతారు. ప్రశ్న లేనిదే కథ మొదలు కాదు. పైగా ఆ క్రతువు పుస్తకం హగ్గాదాలో నాలుగు రకాల పిల్లలు వస్తారు. ముగ్గురు ఏదో ఒకటి అడుగుతారు, పెద్దలు అడిగినదాన్ని బట్టి చెబుతారు. అడగడం చేతకాని నాలుగోవాడికి మాత్రమే పెద్దలు తామై మొదలుపెట్టాలి. మనం ఈ లెక్క తలకిందులు చేశాం. అందర్నీ ఆ నాలుగోవాడి కిందే కట్టి, అడక్కముందే అన్నీ చెప్పేస్తాం. తరగతిలో కూర్చున్నప్పుడు మూడొంతులు వినడానికి, ఒక వంతు చెప్పడానికి కేటాయించుకోండి.

ప్రశ్నలు వస్తాయి, అనుమానం లేదు. మీ చెయ్యి ఎందుకిలా ముడతలు పడింది? మీ పళ్లు ఊడి వస్తాయా? మీరు ఎప్పుడు చచ్చిపోతారు? ఉలిక్కిపడకండి, "ఛ, అలా అనకూడదు" అనకండి. "తెలీదమ్మా. ఇంకా చాలా రోజులు ఉండాలనుకుంటున్నాను. వచ్చే శుక్రవారం అయితే వస్తున్నాను" అంటే పిల్లకు సరిపోతుంది, మళ్లీ రంగులేసుకుంటుంది. యూదు కుటుంబాల్లో ముసలివాళ్ల జ్ఞాపకాల్లో నాజీల కాలపు బరువు ఉండవచ్చు. అది తరగతిలో ఎంతవరకు, ఏ మాటల్లో చెప్పాలన్నది మీ నిర్ణయం కాదు. ఇజ్రాయెల్ విద్యాశాఖ 2014లో నాజీల మారణకాండ పాఠాన్ని కిండర్‌గార్టెన్ నుంచే వయసుకు తగ్గట్టు పరిచయం చేసే ప్రణాళిక తెచ్చినప్పుడు పెద్ద వాదోపవాదాలే జరిగాయి. టీచర్‌ని అడగండి, ఆవిడ గీత ఎక్కడ గీస్తే అక్కడ ఆగండి.

మన బడి గోడల మీద నేటి బాలలే రేపటి పౌరులని రాసి ఉంటుంది. పోలండ్ యూదు వైద్యుడు యానుష్ కొర్చాక్ ఈ మాట ఒప్పుకునేవాడు కాదు. పిల్లలు రేపెప్పుడో మనుషులయ్యేవాళ్లు కారు, ఇవాళే మనుషులన్నది ఆయన పట్టుదల. వార్సాలో 1912 నుంచి యూదు అనాథ పిల్లల గృహం నడిపాడు. అందులో పిల్లలే న్యాయమూర్తులుగా ఒక కోర్టు పెట్టాడు. పెద్దవాళ్ల మీదా ఫిర్యాదు చెయ్యవచ్చు. ఆయన్నీ ఆ కోర్టులో నిలబెట్టారు, నిలబడ్డాడు. 1942 జూలైలో, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో ఆకలి మధ్య, తన పిల్లల చేత ఠాగూర్ నాటకం 'డాక్‌ఘర్' వేయించాడు. మూడు వారాలకే నాజీలు ఆ పిల్లలందర్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. కొర్చాక్ వాళ్లను విడిచి తప్పించుకోవడానికి ఒప్పుకోలేదు, వాళ్లతోనే వెళ్లాడు.

అంతటి మనిషి పిల్లల ముందు బోనెక్కినప్పుడు, మనం ఒక పిల్ల పేరు తప్పు పిలిచి "సారీ అమ్మా" అనడానికి వెనకాడటమెందుకు? రిబ్కాను రాహేలు అని పిలిచారా? క్షమించమనండి, గట్టిగా, మిగతా పిల్లలకు వినపడేలా అనండి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం చాలామంది పిల్లలు ఇంతవరకు చూసి ఉండరు.

కాగితాల పని, నియమాల పని త్వరగా ముగిద్దాం. ఇజ్రాయెల్‌లో పిల్లలుండే చోట పనిచేసే మగవాళ్లు లైంగిక నేరాల చరిత్ర లేదని పోలీసు ధ్రువపత్రం తేవాలి, 2001 నాటి చట్టం అది. అమెరికాలోనూ చాలా స్కూళ్లు వాలంటీర్ల గతాన్ని తనిఖీ చేస్తాయి. "నన్నే అనుమానిస్తారా" అని నొచ్చుకోకండి. రేపు ఇంకొకర్నీ ఇలాగే అడుగుతారు కాబట్టే మీ మనవరాలు క్షేమంగా ఉంటుంది. పిల్లల్ని మరుగుదొడ్డికి తీసుకెళ్లే పని సిబ్బందిది. ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకండి. ఫొటోలు తీయకండి, కుటుంబ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. తినేవేవీ ఇంటి నుంచి తేకండి. కోషెర్ అనే యూదు ఆహార నియమాలు ఉంటాయి, పైగా వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలుంటారు. పస్కా రోజుల్లో అయితే మీ జేబులో మర్చిపోయిన బిస్కెట్ కూడా లోపలికి రాకూడదు. జలుబు చేస్తే ఇంట్లోనే ఉండండి. పిల్లల కుర్చీలో కూర్చుంటే లేవలేమనిపిస్తే సిగ్గుపడక పెద్ద కుర్చీ అడగండి. ఆ కుర్చీలు మీ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

మరి మీకేమిటి లాభం? మధ్యవయసు దాటుతున్న మనిషి తర్వాతి తరానికి ఏదైనా చేస్తేనే చిగురిస్తాడని, లేకుంటే తనలో తాను కుంగిపోతాడని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే సిద్ధాంతం చేశాడు. అమెరికాలో 1990ల్లో మొదలైన 'ఎక్స్‌పీరియన్స్ కోర్' కార్యక్రమంలో పెద్దవాళ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వారానికి పదిహేను గంటలు పిల్లలతో పనిచేస్తే, వాళ్ల నడక, కదలిక, నలుగురితో కలవడం మెరుగుపడటం బాల్టిమోర్‌లో పరిశోధకులు గమనించారు. అర్థం కావడానికి పరిశోధన కూడా అక్కర్లేదు. గురువారం రాత్రి రేపటికి ఉతికిన చొక్కా తీసి పెట్టుకునే మనిషికీ, ఏ రోజైనా ఒకటే అనుకునే మనిషికీ తేడా ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది.

ఇంకో లాభం ఉంది, దాన్ని పుచ్చుకోవడానికి కాస్త వంగాలి. మొట్టమొదటి హీబ్రూ కిండర్‌గార్టెన్ 1898లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్‌లో తెరిచారు. ప్రార్థనలకు, గ్రంథాలకు పరిమితమైన భాష ఆ పిల్లల నోట ఆటల భాషైంది. ఇళ్లలో యిద్దిష్, రష్యన్ మాట్లాడే పెద్దలు పిల్లల దగ్గరే ఇంటి మాటలు నేర్చుకున్నారు. మన గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే మాతృభాషగా యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అక్కడా హీబ్రూ పెద్దలకు పుట్టుకతో వచ్చిన భాష కాదు, పిల్లలతో పాటు నేర్చుకోవాల్సిందే. తెలియనిది తెలియదని చెప్పి, "ఈ అక్షరం ఏమిటో నువ్వు చెప్పు" అని అడిగిన పెద్దల దగ్గర పిల్లలు ఎంత గంభీరంగా పంతుళ్లవుతారో చూడాల్సిందే.

అమెరికాలో ఉన్న మన తెలుగు తాతలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు కూడా ఇది దూరపు విషయం కాదు. యూదు కమ్యూనిటీ సెంటర్ల ప్రీస్కూళ్లలో ఇతర మతాల పిల్లల్ని కూడా చేర్చుకుంటారు. అలా చేరినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మనవడి తరగతికి తాత వెళ్లే రోజులు వాళ్ల ఆనవాయితీలో ఉంటాయి. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు తరచుగా వెళ్లేముందు నిబంధనలేమిటో కనుక్కోవాలి. వాళ్ల ప్రార్థనలు మనకు రావు కాబట్టి ఆ కాసేపు ఊరికే నిలబడి వింటే చాలు, మర్యాద అదే.

మన దగ్గర ఉన్నదీ ఉంది. హనుక్కా ఎనిమిది రాత్రుల పండుగలో పిల్లలు డ్రైడెల్ తిప్పుతారు. నాలుగు పలకల చిన్న బొంగరం అది, పలకకో హీబ్రూ అక్షరం. వేళ్లతో తిప్పి, ఏ అక్షరం పడితే దాన్ని బట్టి చాక్లెట్ నాణేలు గెలుచుకోవడమో పోగొట్టుకోవడమో. వీధి మట్టిలో తాడు చుట్టి బొంగరం విసిరి, అరచేతిలోకి ఎక్కించుకున్న తాతగారు ఆ రోజు తరగతికి వస్తే పిల్లలు ఆయన్ను వదులుతారా? బొంగరం ఒకటి ఇండియా నుంచి తెప్పించుకోండి. ఇంటి వెనకాల నాలుగు రోజులు సాధన చెయ్యండి, చెయ్యి మర్చిపోయి ఉంటుంది. అయితే మన బొంగరానికి కింద ఇనప మేకు ఉంటుంది. తీసుకెళ్లేముందు టీచర్‌కి చూపించండి. ఆవిడ వద్దంటే వద్దు, వేళ్లతో డ్రైడెల్ ఎలా తిప్పాలో మీ మనవణ్ణి అడిగి నేర్చుకోండి.